బైపాప్ మాస్కుతో మూడు రోజులు

భోగినాటి తెల్లవారుజామున మా వీధి మంట దగ్గర పట్టుమని పది నిమిషాలు నిలబడ్డానో లేదో, ఆ పొగకూ చంపావతి ఏటి మీది మంచుకూ నాకు ఊపిరాడలేదు. ముప్పయ్యేళ్లు బీడీ కాల్చినవాణ్ని కనుక ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకై ఆయాసం తెచ్చే సీఓపీడీ అన్న జబ్బు పేరు నాకు కొత్త కాదు. ఇన్‌హేలర్ పఫ్‌లు పీల్చినా ఆయాసం తగ్గకపోవడంతో మావాడు దగ్గర్లోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఆక్సిజన్ ధారాళంగా వదిలారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే వేలి క్లిప్పులో అంకె 82 నుంచి 98కి ఎక్కింది. మధ్యాహ్నానికి నిద్ర ముంచుకొచ్చింది. పొద్దుటినుంచీ వగరుస్తున్న మనిషి కాస్త కునుకు తీశాడని ఇంట్లోవాళ్లు ఊరట చెందారట.

అది నిద్ర కాదు. నాలాంటి వారికి ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకుని మగత కమ్ముతుందనీ, అందుకే క్లిప్పులో అంకెను 88, 92 మధ్యనే నిలపాలనీ విజయనగరం ఐసీయూలో డాక్టరుగారు చెప్పాకే మాకు తెలిసింది. బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ వేసి, లోపలికొక బాణం, బయటికొక బాణం గీసి పాఠం చెప్పిన సైన్సు మాస్టారిని నేను. ఆ రెండో బాణం సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

మణికట్టు దగ్గర ధమనిలోంచి తీసిన రక్తంలో 45 దాటకూడని ఆ వాయువు 78 ఉంది, 7.35కు తగ్గకూడని పీహెచ్ (తగ్గితే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు) 7.24కు పడిపోయింది. గొంతులో గొట్టం వేయకుండా ముందు బైపాప్, అంటే మాస్కు ద్వారా ఊపిరితిత్తుల్లోకి గాలి తోసే మిషన్, పెట్టి చూద్దామనీ, ఒకటి రెండు గంటల్లో మెరుగు కనబడకపోతే గొట్టం తప్పదనీ చెప్పి మావాడి చేత సంతకం పెట్టించుకున్నారు.

ఎంత మగతలో ఉన్నా, ముక్కూ నోరూ కలిపి మూసే ఆ మాస్కు ముఖం మీదికి వచ్చిన క్షణం బాగా గుర్తుంది. బండి మీద వేగంగా పోతూ నోరు తెరిస్తే గాలి ఎలా కొడుతుందో అలా కొట్టింది, పీకేశాను. ఆ నర్సమ్మ విసుక్కోలేదు, పట్టీలూ బిగించలేదు. మాస్కును తన చేత్తోనే నా ముఖానికి ఆనించి పట్టుకుని, “మాస్టారూ, దాంతో దెబ్బలాడకండి. అది తోసినప్పుడు తీసుకోండి, మీరు వదిలితే అదే తగ్గుతాది,” అంది. అలా పావుగంట నిలబడింది. నా ఊపిరి మిషన్ వరసలో పడ్డాకే పట్టీలు వేసింది. లోపలికి తోసే ఒత్తిడిని 10తో మొదలుపెట్టి మెల్లగా 16కు పెంచారు; ఊపిరి వదిలేటప్పుడు సన్నని గాలిగొట్టాలు మూసుకుపోకుండా 5 ఉంచారు. రెండు గంటల తర్వాత చూస్తే పీహెచ్ 7.31, వాయువు 66. గొట్టం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాతి కష్టాలు చిన్నవే గానీ చిన్నగా అనిపించలేదు. నోరు ఎండి నాలుక అంగిలికి అంటుకుపోయేది. పక్కనుంచి కారే గాలి కళ్లను మండించేది. ముక్కుదూలం మీద చర్మం కమిలితే మెత్తటి ప్లాస్టరు వేశారు. రెండో రోజు అరగంట మాస్కు తీసి చోడి అంబలి పట్టించారు. మూడో రోజుకు రాత్రిపూట మాత్రమే పెట్టి, ఆపైన పూర్తిగా తీసేశారు.

బీడీ మానేశాను. కోడలు రోజూ నా వేలికి క్లిప్పు తగిలించి, 91 చూసి మొహం చిన్నబుచ్చుకుంటుంది. “నాకు అదే ఫస్టుక్లాసు తల్లీ,” అంటాను. ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు.