అడ్మిరల్ రాందాస్ గారి రెండో కొలువు

"యుద్ధంలో పతకం తెచ్చుకున్నాయన శాంతి సంఘంలో ఎందుకు చేరారు మావయ్యా?" అని విశాఖ బీచ్ రోడ్డులో, 1971 విజయ స్మారకం ముందు నిలబడి మా మేనల్లుడు అడిగాడు.

అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రాందాస్ గారి గురించి అప్పుడే చెబుతున్నాను. ఆ యుద్ధంలో బంగాళాఖాతంలో ఐఎన్ఎస్ బియాస్ నౌకకు నాయకత్వం వహించి వీరచక్ర పొందిన ఆయన, 1990 నుంచి 1993 వరకు నౌకాదళాధిపతిగా పనిచేశారు.

పదవీ విరమణ తరువాత, ఏ దేశాన్ని దిగ్బంధించే నౌకలను ఒకప్పుడు నడిపారో ఆ పాకిస్తాన్ పౌరులతోనే మాటలు కలపడానికి పూనుకుని, ఇరుదేశాల ప్రజల శాంతి వేదికకు భారతదేశంలో సారథ్యం వహించారు. అణ్వాయుధాలను బాహాటంగా వ్యతిరేకించారు. మాజీ సేనానులు ఎక్కువగా టీవీ చర్చల్లో గర్జించడం చూసిన నాకు ఈ దారి అరుదుగా తోస్తుంది. దేశద్రోహమని నిందించేవారికి యుద్ధంలో పోరాడి సంపాదించిన ఆయన పతకమే సమాధానం కావాలి, కానీ అలాంటివారు సమాధానాలు వింటారా!

2004లో రామన్ మెగసెసే పురస్కారాన్ని ఆయన పాకిస్తాన్‌కు చెందిన పాత్రికేయుడు, మానవ హక్కుల కార్యకర్త ఇబ్న్ అబ్దుర్ రెహ్మాన్‌తో కలిసి అందుకున్నారు. శాంతి మాట ఒక్క గట్టు నుంచే వినిపిస్తే చాలదు కనుక, ఆ జంట ఎంపిక నాకు ఎంతో సబబుగా కనిపిస్తుంది.

అన్నట్టు, మహిళలు అధికారులుగా నౌకాదళంలోకి ప్రవేశించింది కూడా ఆయన హయాంలోనే, 1992లో. తిరుగుబాటు తత్వం యూనిఫాం విప్పాక మొదలైంది కాదని మావాడికి చెప్పాను.