బీఎస్సీ నర్సింగ్‌లో నా నాలుగేళ్ళు: సిలబస్‌లో రాసిన పది, నిజంగా వచ్చినవి కొన్ని

ఇంటర్ బైపీసీ చదివి, నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాక, "ఏదో ఒక మెడికల్ లైన్‌లో ఉండాలి" అని ఇంట్లోవాళ్ళు అంటే నర్సింగ్‌లో చేరినవాళ్ళే మా క్లాసులో ఎక్కువ. నేనూ అంతే. ఈ మధ్య పిన్ని కూతుళ్ళు, వాళ్ళ ఫ్రెండ్స్ ఫోన్ చేసి "అక్కా, నాలుగేళ్ళు అసలు ఏం నేర్పుతారు, జీఎన్ఎమ్ డిప్లొమా మూడేళ్ళే కదా, దానికీ దీనికీ తేడా ఏంటి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాస్తున్నాను. ఫీజులు, కౌన్సెలింగ్ గొడవ ఇందులో ఉండదు. డిగ్రీ అయ్యేసరికి మనం ఎలాంటి నర్సు కావాలని సిలబస్‌లో రాశారు, అందులో నాకు ఏమేం వచ్చాయి, ఏమేం రాలేదు, అంతవరకే.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 జూలైలో బీఎస్సీ నర్సింగ్‌కి కొత్త నిబంధనలు గెజిట్‌లో వేసింది. అంతకుముందు ఏడాదికోసారి పరీక్షలు ఉండేవి, ఇప్పుడు ఎనిమిది సెమిస్టర్లు, క్రెడిట్లు. ఆ పద్ధతిలో చేరిన తొలి బ్యాచ్‌లలో మాది ఒకటి కాబట్టి సీనియర్ల నోట్సు సగం పనికిరాలేదు, ఏ సబ్జెక్టు ఏ సెమిస్టర్‌లోకి వెళ్ళిందో మేడమ్‌లు కూడా పుస్తకం చూసే చెప్పేవాళ్ళు. పైగా మేం చేరినప్పుడు మా పరీక్షలు పెట్టే విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు డాక్టర్ ఎన్టీఆర్, 2022లో డాక్టర్ వైఎస్ఆర్ అయింది, 2024లో మళ్ళీ డాక్టర్ ఎన్టీఆర్. మా హాల్ టికెట్లు, మార్కుల మెమోలు వరసగా పేర్చి చూస్తే రాష్ట్ర రాజకీయాలన్నీ అందులోనే కనిపిస్తాయి.

ఆ సిలబస్‌లో, డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి ఉండాల్సిన పది కోర్ కాంపిటెన్సీలు, అంటే ముఖ్యమైన సామర్థ్యాలు రాశారు. రోగిని మధ్యలో పెట్టుకుని చేసే సంరక్షణ, ప్రొఫెషనలిజం, నేర్పడం-నడిపించడం, ఆసుపత్రి వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలిసి పనిచేయడం, రోగుల వివరాలు కంప్యూటర్‌లో నడిపే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, కమ్యూనికేషన్, టీమ్‌వర్క్, భద్రత, నాణ్యత పెంచడం, చివరగా ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్, అంటే ఆధారం ఉన్న పద్ధతినే పాటించడం. ఓరియంటేషన్ రోజు స్లైడ్ మీద చూపించారు. ఆ తర్వాత నర్సింగ్ ఫౌండేషన్స్ అనే సబ్జెక్టు పరీక్షకి బట్టీ పట్టడం తప్ప ఎవరూ వాటి జోలికి పోలేదు. ఇంజెక్షన్, క్యాన్యులా, క్యాథెటర్, డ్రెస్సింగ్ లాంటి చేతిపనులు చూడండి, ఆ పదిలో ఒక్కదానికీ ఈ పేర్లు లేవు. కానీ వార్డులో మనతో చేయించేవి అవే. చేతిపని ఎవరికైనా, ఎక్కడైనా వచ్చేస్తుంది. ఆ పది మాత్రం వాటంతట అవి రావు, అడిగి తీసుకోవాలి. ఏం అడగాలో తెలియాలంటే ముందు ఆ లిస్టు చదివి ఉండాలి, నా గోల అంతా ఇదే.

మొదటి సెమిస్టర్ నర్సింగ్ ఫౌండేషన్స్‌లో థియరీ 120 గంటలు, స్కిల్ ల్యాబ్ 80, క్లినికల్ 160 గంటలు. కాగితం మీద చక్కగానే ఉంటుంది. క్లినికల్ అంటే మొదట్లో పక్కలు సర్దడం, బీపీ టెంపరేచర్ చూసి రాయడం, శాంపిళ్ళు ల్యాబ్‌కి పట్టుకెళ్ళడం. మేం వెళ్ళిన ఒకచోట విద్యార్థులు వచ్చారంటే చాలు, అటెండర్లు టీకి వెళ్ళిపోయేవాళ్ళు. మూడో సెమిస్టర్‌లో అడల్ట్ హెల్త్ క్లినికల్ ఒక్కటే 480 గంటలు, ఆ గంటలన్నీ శాంపిళ్ళు మోయడంలోనే గడిపేసి లాగ్‌బుక్ నింపుకోవచ్చు కూడా, అలా నింపుకున్నవాళ్ళు మాతోనే ఉన్నారు, పాసయ్యారు.

అన్నిటికంటే బాగా వచ్చింది నాకు భద్రత. దానికి కారణం క్లాసు కాదు, ఒక ఇన్‌చార్జి సిస్టర్. రిటైర్‌మెంట్‌కి దగ్గరలో ఉన్న మనిషి, పది కాంపిటెన్సీల పేర్లు ఆమెకి తెలుసని నేననుకోను. డ్యూటీలో మొదటిరోజే నా చేతిలో రెండు ఇన్సులిన్ సిరంజిలు పెట్టి తేడా చెప్పమంది. ఒకటి ఎర్ర మూత, ఇంకోటి నారింజ. మన దగ్గర మామూలుగా దొరికే ఇన్సులిన్ వయల్‌లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకి. నారింజ సిరంజితో 40 వయల్ నుంచి పది గీత వరకు లాగామనుకోండి, రోగికి వెళ్ళేది నాలుగు యూనిట్లే. తిరగేస్తే ఇంకా ఘోరం, 100 మందుని ఎర్ర మూత సిరంజితో పది గీత వరకు లాగితే పాతిక యూనిట్లు ఎక్కుతాయి, తెల్లారేలోపు షుగర్ పడిపోయి మనిషికి తెలివి తప్పొచ్చు. ఈ లెక్క ఆవిడ నాచేత కాగితం మీద చేయించి, తర్వాత రోజూ ఏదో ఒకటి అడిగేది. అయిదు వందల మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు? మిల్లీలీటరుకి 20 చుక్కల సెట్టు అయితే 21. చేతివేళ్ళ మీద చెప్పాలి, ఫోన్ తీయకూడదు. వాడిన సూది తెల్ల డబ్బాలోకి, మందు సీసా నీలంలోకి, ఐవీ ట్యూబు ఎర్రదాంట్లోకి, రక్తం అంటిన దూది పసుపుదాంట్లోకి, ఇది చూడకుండానే చేయి వెళ్ళేంతగా అలవాటు చేయించింది. ఆవిడ తిట్లు కూడా అలాగే గుర్తున్నాయిలెండి.

కమ్యూనికేషన్ అంటే నేను ఇంగ్లిష్ అనుకున్నాను. మొదటి సెమిస్టర్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ అని పేపర్ కూడా ఉంది మరి. వార్డులో అవసరమైంది వేరే. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో అడిగి రాయాలని కేర్ ప్లాన్‌లో ఉంటుంది. విజయనగరం వైపు ఊరి నుంచి తుంటి ఎముక విరిగి వచ్చిన ఒక మామ్మని "పదికి ఎంతమ్మా నొప్పి" అంటే ఆవిడ "సచ్చిపోతన్నాను" అంటుంది, ప్రతిసారీ అదే. మందు ఇచ్చాక కూడా అదే. పక్క మంచం వాళ్ళమ్మాయి "రూపాయిలో ఎంతో అడగండి" అంది. అడిగితే "ముప్పావలా" అంది మామ్మ వెంటనే. మందు ఇచ్చిన గంటకి "పావలాకి దిగింది". ఏడున్నర నుంచి రెండున్నరకి తగ్గిందన్నమాట, చార్టులో ఏడు, మూడు అని రాశాను. పెయిన్ స్కేల్ మీద అంతకంటే నికరమైన జవాబు నాకు ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

ఇక విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో పోస్టింగ్. వెళ్ళేముందు అందరికీ టెన్షనే, ఇంట్లోవాళ్ళకి ఇంకా ఎక్కువ. అక్కడ ప్రాసెస్ రికార్డింగ్ అని చేయిస్తారు. రోగితో మనం మాట్లాడిన ప్రతి మాటా, వాళ్ళు అన్న ప్రతి మాటా, ఆ సమయంలో వాళ్ళ ముఖం ఎలా ఉంది, మనకి లోపల ఏమనిపించింది, అన్నీ గుర్తుపెట్టుకుని కాగితం మీద రాయాలి. రాసింది చదువుకుంటే మనం ఎంత తొందరపడి సలహాలిస్తామో, మాట మధ్యలో ఎన్నిసార్లు అడ్డుపడతామో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. నాలుగేళ్ళలో నేను రాసిన అసైన్‌మెంట్లలో కాపీ కొట్టడానికి వీలుకానిది అదొక్కటే. రోగిని మధ్యలో పెట్టుకోవడం అంటే ఏంటో నాకు కాస్త అర్థమైంది కూడా అక్కడే.

ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ దగ్గర మాత్రం అసలు తలనొప్పి మొదలవుతుంది, ఎందుకంటే పుస్తకం ఒకటి చెప్తుంది, వార్డు ఇంకోటి చేస్తుంది. ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేశాక అది పొట్టలోనే ఉందో లేదో చూడాలి కదా, వార్డులో అందరూ సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోప్‌తో పొట్ట మీద చప్పుడు వింటారు. ట్యూబు ఊపిరితిత్తుల వైపు వెళ్ళినా అలాంటి చప్పుడే వినిపించొచ్చు, అందుకని దాన్ని నమ్మొద్దనీ, లోపలి ద్రవం కొంచెం లాగి పీహెచ్ 5.5 లేదా అంతకు తక్కువ ఉందేమో చూడాలనీ, అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాలనీ మేం చదివాం. అలాగే మంచానపడ్డ రోగుల వీపు మీద ఎర్రబడ్డచోట స్పిరిట్, పౌడరు వేసి గట్టిగా రుద్దడం. రుద్దితే లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది, పక్కకి తిప్పి ఒత్తిడి తీసేయాలి, అంతే. ఇది సెకండియర్ పిల్ల వెళ్ళి ఇరవై ఏళ్ళ సర్వీసున్న సిస్టర్‌కి చెప్తే ఏమవుతుందో ఊహించుకోండి. మా ఫ్రెండ్ ఒకతి అలాగే సిస్టర్‌కి చెప్పింది, వారం పాటు దాన్ని "ప్రొఫెసర్ గారూ" అని పిలిచారు. నేను వేరే దారి పట్టాను, "సిస్టర్, రేపు వైవాలో పీహెచ్ చూడటం అడుగుతారట, ఒక్కసారి చేయనిస్తారా" అని అడిగేదాన్ని. పరీక్ష పేరు చెప్తే ఎవరూ కాదనరు. స్ట్రిప్పులు లేవని చాలాసార్లు కుదరలేదు, అది వేరే సంగతి. ఇది లౌక్యం తప్ప ధైర్యం కాదని నాకూ తెలుసు, కానీ విద్యార్థికి వార్డులో ఉన్న అధికారం అంతే, దాంతోనే పని జరిపించుకోవాలి.

టీమ్‌వర్క్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నైట్ డ్యూటీ చేస్తే అదే వస్తుంది. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ నాకు రాలేదు. పేపర్ పాసయ్యాను, కంప్యూటర్‌లో కేస్ షీట్ రాయడం గురించి చదివాను, పోస్టింగ్‌లలో చూసినవన్నీ గీతలు కొట్టిన లాంగ్ రిజిస్టర్లే. నాణ్యత పెంచడం కూడా అంతే, ఏదైనా తనిఖీ వస్తుందంటే వారం ముందు గోడలకి చార్టులు అంటించడం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఈ రెండిట్లో మాకు మార్కులు బాగానే వేశారు.

నేర్పడం అనే కాంపిటెన్సీ కమ్యూనిటీ పోస్టింగ్‌లో వచ్చింది. సబ్ సెంటర్, ఏఎన్ఎమ్ అక్క, ఆశా అక్క, ఎండలో ఇంటింటికీ తిరగడం, బ్యాగ్ కింద న్యూస్ పేపర్ పరిచి సామాన్లు తీయడం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత, ఏడు లోపు ఉంటే తీవ్రం, ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలి అని ఫ్లాష్ కార్డులు పట్టుకుని గడగడా చెప్పేసేవాళ్ళం, ఆడవాళ్ళు తలూపేవాళ్ళు. ఆశా అక్క మాత్రం నేరుగా వంటింట్లోకి వెళ్ళి మాత్రల షీట్ తీసి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేది. "మాత్ర టీతో మింగుతున్నావా?" అవును. "విరోచనం నల్లగా అవుతోందని మానేశావా?" అదీ అవును. టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకో, నల్లగా రావడం మామూలే, భయపడకు అని రెండు ముక్కల్లో తేల్చేసింది. మా హెల్త్ టాక్‌కి ఫోటోలు తీసి రికార్డులో అంటించాం.

రీసెర్చ్ ప్రాజెక్టు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. నర్సింగ్ కాలేజీల్లో ఈ ప్రాజెక్టులు చాలావరకు ఒకటే, ఫలానా ఊళ్ళో ఫలానా వాళ్ళకి ఫలానా విషయం ఎంత తెలుసో ప్రశ్నలు అడిగి, ఒక క్లాసు చెప్పి, మళ్ళీ అవే ప్రశ్నలు అడిగి, మార్కులు పెరిగాయని నిరూపించడం. పెరగక ఏం చేస్తాయి? గణాంకాలు మాత్రం కష్టపడి నేర్చుకోండి, తర్వాత ఏ పరిశోధన పత్రం చదివినా అది నమ్మదగ్గదో కాదో తేల్చుకోవడానికి అదే పనికొస్తుంది.

పరీక్షల విషయానికొస్తే థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా 50 శాతం రావాలి, హాజరు 80 శాతం ఉండాలి. చాలామందికి తెలియనిది ఏంటంటే, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు. జ్వరమొచ్చి మానేసినా, అక్క పెళ్ళికి మానేసినా ఆ రోజులు తర్వాత చేయాల్సిందే. అందుకని ఏ సెమిస్టర్‌వి ఆ సెమిస్టర్‌లోనే తీర్చేసుకోండి, చివర్లో ఇంటర్న్‌షిప్‌తో పాటు చేయాలంటే ప్రాణం పోతుంది. ప్రాక్టికల్ ఇంటర్నల్స్‌లో ఓఎస్‌సీఈ అనే పరీక్ష పెడతారు, స్టేషన్ స్టేషన్‌కీ తిరుగుతూ గడియారం చూసుకుంటూ పని చేసి చూపించాలి, చేతులు కడుక్కోవడం, రోగి పేరు అడగడం మర్చిపోయినా మార్కులు పోతాయి. అప్పుడు తిట్టుకున్నాం. ఇప్పుడు యూకే వెళ్ళే ప్రయత్నంలో ఉన్న మా ఫ్రెండ్స్‌కి అక్కడి రిజిస్ట్రేషన్ పరీక్షలో రెండో భాగం కూడా ఓఎస్‌సీఈనే అని తెలిసింది, వాళ్ళు పెద్దగా కంగారుపడట్లేదు.

ఇంటర్న్‌షిప్ ఎనిమిదో సెమిస్టర్‌లో. అడల్ట్ హెల్త్, చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్, మిడ్‌వైఫరీ, కమ్యూనిటీ అన్నీ మళ్ళీ ఒక చుట్టు, ఈసారి స్టాఫ్‌లాగా షిఫ్టులు. అప్పటికి పదిలో ఏది తక్కువుందో మీకే తెలుస్తుంది కాబట్టి ఆ పని దొరికే వార్డు అడిగి మరీ వేయించుకోండి. అడిగితే ఇస్తారు, అడిగేవాళ్ళు తక్కువ.

చెల్లెళ్ళు అడిగిన జీఎన్ఎమ్ తేడా ఇక్కడ చెప్పేస్తాను. వార్డులో మంచం పక్కన మూడేళ్ళ డిప్లొమా చేసినవాళ్ళు మనకంటే తక్కువేం కాదు, చాలామంది ఎక్కువే. వాళ్ళకి తర్వాత డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ ఇంకో రెండేళ్ళు. మన సిలబస్‌లో రీసెర్చ్, మేనేజ్‌మెంట్, ఎడ్యుకేషన్ ఎక్కువ, పైగా గ్రామాల్లోని క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఉద్యోగానికి కావాల్సిన పాఠాలు డిగ్రీలోనే కలిపేశారు. ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ అవ్వాలంటే నార్‌సెట్ అనే పరీక్ష రాయాలి, దానికి చదువు వేరే.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాగానే రాష్ట్ర నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోండి, అది లేకుండా డ్యూటీ చేయకూడదు. ఇంకో పని, విదేశాల ఆలోచన ఇప్పుడు లేకపోయినా సరే, థియరీ గంటలు, క్లినికల్ గంటలు సబ్జెక్టువారీగా ఉన్న ట్రాన్‌స్క్రిప్టు కాలేజీ నుంచి ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి. రెండేళ్ళ తర్వాత వెళ్తే క్లర్క్ మారిపోయి ఉంటాడు, కొత్తాయన మీ బ్యాచ్ రిజిస్టర్ ఎక్కడుందో మిమ్మల్నే అడుగుతాడు.