తెల్ల మెట్ల మీద ఆరు రాగాలు

మన నల్లగొండ బడి వార్షికోత్సవమంటే డాన్సులు, ఏకపాత్రలు, చివర్న బహుమతులు. ఆ ఏడు మాత్రం మ్యూజిక్ సార్ పట్టుబట్టి బృందగానం పెట్టించారు. అదీ దేశభక్తి గీతాలు కాదు, స్వరాల వరసలు శతాబ్దాల పొడుగునా ఎలా నడిచొచ్చాయో పాడి చూపించాలట.

రిహార్సల్లో మొదటి షరతు: హార్మోనియం మీద నల్ల మెట్లు ముట్టకూడదు. ఒకటి శ్రుతి, అంటే సప్తకంలో మొదటి తెల్ల మెట్టు నుంచి తెల్ల మెట్లు వరసగా నొక్కితే శంకరాభరణం. అవే మెట్లు, రెండో మెట్టును షడ్జం (స) అనుకుంటే ఖరహరప్రియ. మూడు నుంచి తోడి, నాలుగు నుంచి కల్యాణి, ఐదు నుంచి హరికాంభోజి, ఆరు నుంచి నఠభైరవి. ఏడు దగ్గర బండి ఆగేది, అక్కడ పంచమం (ప) దొరకదు. మెట్లు అవే ఉంచి ‘స’ను మార్చడం, గ్రహభేదమంటే ఇంతే అని తేల్చేశారు సార్.

యూరప్ చర్చిల పాత మోడ్‌లవీ ఈ వరసలే. ఖరహరప్రియది డోరియన్, తోడిది ఫ్రిజియన్. మొదట్లో ఎనిమిదే లెక్క. 1547లో గ్లారియానస్ అనే స్విస్ పండితుడు పన్నెండు చేశాడు. ఆ తర్వాతి శతాబ్దంలో ఇక్కడ వేంకటమఖి అనే సంగీత శాస్త్రకారుడు 72 మేళాల, అంటే రాగాలకు మూలమైన స్వర వరసల లెక్క కట్టాడు. పేర్లు బట్టీ పట్టడం మాత్రం నరకం.

అసలు కష్టం ఇంగ్లీషు స్వరకర్త టాలిస్ 1567 నాటి బాణీతో. ఫ్రిజియన్, నాలుగు గొంతులు. రెండో వరస అమ్మాయిలు పక్కవాళ్ల స్వరంలోకి జారకుండా ఒక చెవి మూసుకుని పాడేవారు. మగపిల్లలకేమో అప్పుడే గొంతులు మారుతున్నాయి, పైస్థాయికి పోతే కీచుమనడమే!

టాలిస్ అయిపోగానే, సంగీతం నేర్చుకుంటున్న మన క్లాసమ్మాయి అవే స్వరాలతో తోడి ఎత్తుకుంది. గాంధారాన్ని అలా ఊపిందో లేదో, హాల్లో తలలు ఊగాయి. అంతకుముందు మేమంతా అదే గాంధారాన్ని నిటారుగా నిలబెట్టి పాడినప్పుడు ఒక్కరికీ తోడి తట్టలేదు. ఈ మోడ్ ఆ రాగమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోనిది అందుకే. స్వరాలు ఒకటే, గమకం, అంటే ఆ ఊపు లేని తోడి తోడి కాదు.

చివర్న పద్యనాటకాలాడే ఒక పెద్దాయన స్టేజి ఎక్కి సార్‌ను నిలదీశారు.

"పిల్లలకు ఒకటి శ్రుతి మరీ కిందికైతది సారూ, నాలుగున్నర పెట్టాలె."

"అట్ల పెడితే నల్ల మెట్లు ముట్టాల్సొస్తది గదా!" అన్నారు సార్.