గేర్ ఆయిల్ మరక

కారు ఆపిన చోటల్లా ముదురు మరక. ఇంజన్ పనేమోనని టెన్షన్ పడుతూ అమలాపురం తీసుకెళ్తే, మెకానిక్ వేలికి రాసుకుని వాసన చూసి, "ఆయ్, గేర్ ఆయిలేనండి. డ్రైవ్ షాఫ్ట్ సీల్ పోయింది" అన్నాడు. గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ ఆ షాఫ్ట్; అది గేర్‌బాక్స్‌లోకి దూరే చోట ఆయిల్ కారకుండా పట్టుకునే రబ్బరు రింగే సీల్.

చక్రం ఊడదీసి, గేర్ ఆయిల్ దింపి, బాల్ జాయింట్ విప్పి షాఫ్ట్ బయటికి లాగితే అసలు సంగతి కనబడింది. రోడ్డు మీద ఆరబోసిన వరిగడ్డి షాఫ్ట్‌కి చుట్టుకుని, నల్లటి తాడులా పేనుకుపోయి, సీల్ అంచుని తినేసింది. కోతల రోజుల్లో మా కోనసీమలో గడ్డి తొక్కకుండా బండి నడపడం ఎవరి తరం!

కొత్త సీల్ కూర్చోబెట్టడమే చూడాలి. అంచుకి కాస్త ఆయిల్ రాసి, సైజుకి సరిపడే పాత సాకెట్ (బోల్టులు విప్పే గుండ్రటి పనిముట్టు) ఆనించి, చుట్టూ సమానంగా చిన్న చిన్న దెబ్బలు. వంకరగా దిగిందా, మళ్లీ కారుడే. షాఫ్ట్ ఎక్కించేటప్పుడు దాని పళ్లు సీల్‌కి గీసుకోకూడదట. షాఫ్ట్ కొసనున్న లాక్ రింగు లోపల టక్కున పడేదాకా ఆయన నోరు విప్పలేదు.

సీల్ కంటే ఆయిల్‌కే ఎక్కువైంది. ఎలాగూ దింపాం కదా, రెండో వైపు సీల్ కూడా మార్చెయ్యమన్నాను. "అలాగేనండి. కోతలయ్యేదాకా మాత్రం అప్పుడప్పుడు వంగి ఆ గడ్డి పీకేస్తుండండి" అన్నాడు.