మిమీ పెద్దమ్మ

ఆదివారం. పొద్దున కారం దోసెలు తిన్నాం. మధ్యాహ్నం కడప ఎండకి బయటికి పోలేక చెల్లెలి కొడుకుతో కలిసి ల్యాప్‌టాప్‌లో ‘నోవేర్ బాయ్’ చూశాను. 2009లో వచ్చిన సినిమా, వాడే పెట్టాడు. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్‌లో పాడిన జాన్ లెనన్ కథ అంటే వాళ్ళ పాటలుంటాయనుకున్నా. బీటిల్స్ అన్న పేరు కూడా అందులో వినపడదు.

జాన్‌ని చిన్నప్పటి నుంచి పెంచింది పెద్దమ్మ మిమీ. అమ్మ జూలియా అదే లివర్‌పూల్‌లో, నడిచిపోయేంత దూరంలో వేరే సంసారంతో ఉంటుంది. 1955లో పెదనాన్న జార్జ్ చనిపోయాక జాన్ అమ్మ ఇంటికి పోవడం మొదలుపెడతాడు. అక్కడ నవ్వులు, రాక్ అండ్ రోల్, బ్యాంజో. ఇంటికొస్తే మిమీ, చదువు, కళ్ళజోడు పెట్టుకోమని గోల.

చూసినవాళ్ళకి జూలియానే నచ్చుతుంది. నాకు మిమీ నచ్చింది. నచ్చదా మరి! మా చెల్లెలు కువైట్‌లో ఇంటిపనికి పోయింది. మా జిల్లాలో ఇది కొత్తేం కాదు. శుక్రవారం సెలవు రోజు వీడియో కాల్‌లో తల్లీకొడుకులు ఒకటే నవ్వులు. ఫోన్ పెట్టేశాక “ఫిజిక్స్ రికార్డు రాసినావా” అని అడగాల్సింది నేను. దానిది తప్పనడం లేదు, పాపం, ఉన్న కాసేపూ ముద్దు చేయడానికే చాలదు. కానీ వీడు “మా అమ్మయితేనా...” అని మొదలుపెడితే మాత్రం ఒళ్ళు మండుతుంది. మిమీగా వేసిన క్రిస్టిన్ స్కాట్ థామస్ ఆ పాత్రని గయ్యాళిగా చేయకుండా వదిలినందుకు ఆమెకో దండం.

1957లో చర్చి జాతరలో, తర్వాత బీటిల్స్‌లో జోడీ అయిన పాల్ మెకార్ట్‌నీ జాన్‌కి పరిచయమవుతాడు. పాల్‌కి ముందు ఏడాదే అమ్మ పోయింది. 1958 జూలైలో మిమీని చూసి వెళ్తున్న జూలియాను కారు గుద్ది చంపేస్తుంది. జాన్‌కప్పుడు పదిహేడేళ్ళు. ఆ సీన్ రాగానే మావాడు ఫోన్ తీసుకుని వరండాలోకి పోయాడు. ఆ టైంలో వాళ్ళమ్మ ఎత్తదని తెలుసు, అయినా చేశాడు.

జాన్ బ్యాండ్‌తో జర్మనీలోని హాంబర్గ్ చేరగానే మిమీకి ఫోన్ చేశాడని, బతికినంత కాలం వారం వారం చేస్తూనే ఉన్నాడని చివర్లో అక్షరాలు పడ్డాయి. మావాడు లోపలికొచ్చాక వెనక్కి తిప్పి, ఇది మాత్రం చదువు నాయనా అని చూపించాను.

“చేస్తాలే పెద్దమ్మా” అని నవ్వి, గిటార్ రేట్లు వెతకడం మొదలుపెట్టాడు.