నాలుగున్నరకు వంటింట్లో

ఈరోజు కూడా నాలుగున్నరకే మెలకువ వచ్చింది. వంటింట్లోకి వెళ్ళేసరికి మా వాడు ఫ్రిజ్ తలుపు తీసి ఏముందా అని చూస్తూ నిలబడ్డాడు. అమెరికా వాళ్ళ పని, ఇంట్లోనుంచే చేస్తాడు. వాడికి అప్పుడే డ్యూటీ అయిపోయింది.

"లేచినవా అమ్మా? ఇగ నేను పండుకుంట."

"ఛాయ్ పెడుతున్న, తాగుతవా?"

"ఇప్పుడు ఛాయ్ తాగితే నిద్ర పడ్తదా!"

అన్నాడే గానీ కదల్లేదు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రోజు మొత్తంలో మేమిద్దరం మాట్లాడుకునేది ఈ కాసేపే.

మా ఆడపడుచు "మా వదిన బ్రహ్మముహూర్తంల లేస్తది" అని చుట్టాలందరికీ చెబుతుంది. బ్రహ్మముహూర్తమంటే పొద్దు పొడవడానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండేది. ఈ జనవరి చలిలో హనుమకొండలో పొద్దు పొడిచేసరికి దాదాపు 6.45 అవుతోంది. లెక్క వేస్తే, నేను లేచేటప్పటికి ఆ ముహూర్తం ఇంకా రానేలేదు!

అసలు సంగతి నల్లా. పెళ్ళయిన కొత్తలో మేం కిరాయికున్న ఇంట్లో మూడు పోర్షన్లకు వాకిట్లో ఒక్కటే నల్లా. నీళ్ళు ఐదింటికి వచ్చేవి, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ముందు బిందె ఎవరు పెడితే వాళ్ళదే వంతు. పక్క పోర్షన్ ఆమె చీకటితోనే బిందె పెట్టి మళ్ళీ పోయి పడుకునేది. ఆమె మీద పంతంతో మొదలైంది ఇదంతా, భక్తితో కాదు. ఇప్పుడు సొంతిల్లు, బోరు, పైన ట్యాంకు. అయినా కళ్ళు మాత్రం ఆ టైముకే తెరుచుకుంటాయి.

"నాది బద్ధకం కాదమ్మా, ఒంట్లో గడియారమే అట్లుంది" అన్నాడు వాడు. చిన్న పండ్ల ఈగల్లో ఒక జీన్ ఉంటుందట. దానివల్ల తయారయ్యే ప్రొటీన్ రాత్రి కణాల్లో పేరుకుని, పగలు కరిగిపోతుందట. ఒంట్లో గడియారం నడిచే తీరు కనిపెట్టిన ముగ్గురు అమెరికన్లకు 2017లో వైద్యంలో నోబెల్ ఇచ్చారట.

"ఆ ఈగలు గూడ తెల్లారేదాక ల్యాప్‌టాప్ ముందు కూసుంటయా?" అన్నాను. పకపకా నవ్వాడు. వాళ్ళ నాన్న లేస్తారని నోరు మూసుకున్నాడు.

పొద్దున్నే లేస్తానని మెచ్చుకునేవాళ్ళు ఎనిమిదిన్నర తర్వాత నా గతి చూడరు. నిన్న ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. పిల్లా పిల్లగాడు స్టేజీ ఎక్కేసరికి తొమ్మిది దాటింది. నేను కుర్చీలోనే తల వాల్చేశాను. నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో ఇవాళ మధ్యాహ్నానికల్లా ఫ్యామిలీ గ్రూపులో ఉంది. పెట్టింది మా ఆడపడుచే.

ఇది రాస్తుంటేనే రెప్పలు వాలుతున్నాయి, ఇంకా ఎనిమిదింబావే. పక్కగదిలో వాడి మీటింగు మొదలైంది. సర్వపిండి పొయ్యి పక్కన మూతకింద పెట్టాను. మళ్ళీ ఫ్రిజ్‌లో వెతుక్కోవద్దని వాడికి చెప్పి పడుకోవాలి.