ముగ్గుపిండి మంచు, మాత్రల రేకు బకెట్లు

పర్లాకిమిడి, ఆరో వారం.

"ఏమండీ, అంబులెన్స్ చేస్తున్నానన్నారు, ఇదేమో రైలింజిను!" అంది మా ఆవిడ. ఫీల్డ్ అంబులెన్స్ అంటే బండి కాదని, డాక్టర్లు, సహాయకులు, ఆపరేషన్ సామాగ్రితో సైన్యం వెంట కదిలే దళమని చెప్పాను. నేను బల్ల మీద చిన్న బొమ్మల నమూనాగా కడుతున్నది మన సైన్యపు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కథలో ఒక ఘట్టం. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో ఆ దళం కొరియా యుద్ధంలో వైద్యం చేయడానికి 1950 నవంబరులో అక్కడికి చేరింది. కొద్ది రోజులకే చైనా సేనలు విరుచుకుపడి ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయాల్సి వచ్చింది. సామాను తరలించడానికి వాహనాలు లేవు. వదిలేసి వెళితే రేపు వైద్యం దేనితో చేస్తారు? ఒక ఆవిరి రైలింజిను, కొన్ని రైలుపెట్టెలు వెతికి పట్టుకుని, వరుసగా నిలబడి బకెట్లతో ఇంజినుకు నీళ్లు పట్టి, వంతెన పేల్చేసేలోగా నది దాటేశారు. ఆ బకెట్ల వరుస కోసమే ఈ తంటా అంతా.

కొలత 1:72, అసలులో డెబ్బై రెండో వంతు. అంటే మనిషి 24 మి.మీ. బాయిలర్‌కు 21 మి.మీ. ప్లాస్టిక్ గొట్టం సరిపోయింది. పట్టాల దగ్గరే బోల్తా పడ్డాను. చిన్నప్పటి నౌపడ–గుణుపురం బుల్లి రైలు కళ్లలో ఉండిపోయి, దాని 762 మి.మీ. లెక్కన 10.6 మి.మీ. ఎడంతో పట్టాలు అతికించేశాను. కొరియాలో 1,435 మి.మీ.; నమూనాలో 20 ఉండాలి. మొత్తం పీకి మళ్లీ వేశాను. స్లీపర్లకు ఐస్‌క్రీం పుల్లలే. నిలువునా మూడుగా చీల్చి 35 మి.మీ. ముక్కలు కోస్తే చాలు.

మంచు సంగతి చెబితే నవ్వుతారు. వంటింట్లో బియ్యప్పిండి జల్లించి జిగురుతో చల్లాను. తెల్లారేసరికి చీమలు సగం కొరియాను ఖాళీ చేశాయి. ఇప్పుడు రాతి ముగ్గుపిండి వాడుతున్నాను. పాత నూలు చీర ముక్కలో రెండుసార్లు వస్త్రగాళితం పట్టి, తెల్ల జిగురు, తెల్ల అక్రిలిక్ రంగు కలిపి పలచగా పూయాలి. ఈ వానలకు ఆరడానికి రెండు రోజులు పడుతోంది.

బొమ్మలు కొన్నవే, అందరి చేతుల్లోనూ తుపాకులు. బ్లేడుతో కోసేసి, వేడి నీళ్లలో ముంచి మోచేతులు వంచాను. రంగు వేసేముందు సబ్బునీళ్లతో కడగకపోతే పెచ్చులు లేస్తుంది. టోపీలకు మెరూన్ కోసం ఎరుపులో కొద్దిగా నీలం కలిపాను. మనవడు మాత్రం "తాతా, తుపాకులు పీకేశావేమిటి?" అని ఇంకా అలిగే ఉన్నాడు.

బకెట్లు మాత్రల రేకుతో, ఒక్కొక్కటి 4 మి.మీ. ఎత్తు. పిడికి రాగితీగ పోగు. పద్నాలుగు అయ్యాయి. అన్నిటిలోనూ పారదర్శక జిగురు పోసి నీళ్లు చేశానని మురిసిపోతుంటే నిన్న రాత్రి వెలిగింది: ఇంజిను వైపు వెళ్లేవే నిండుగా ఉంటాయి, తిరిగొచ్చేవి ఖాళీ కదా! ఏడింటిలోంచి సూదితో తవ్వి తీయాలి.